మకోమ్ కౌంటీలో ఎనిమిది వారాలు: రిపబ్లికన్ గడపల్లో హ్యారిస్‌కు ఓటడిగిన అనుభవం

2024 సెప్టెంబరు రెండో వారం నుంచి నవంబరు 5 పోలింగ్ దాకా ఎనిమిది వారాలు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మకోమ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇల్లిల్లూ తిరిగే ఒక చిన్న బృందానికి నేను శిక్షణ ఇచ్చాను. మాకు అప్పగించిన పని ఒక్కటే. ఎప్పుడూ రిపబ్లికన్ పార్టీకే ఓటేసే వాళ్లలో ట్రంప్ మీద మనసు విరిగిన వాళ్లెవరో కనుక్కోవాలి, ఈ ఒక్కసారికి డెమోక్రటిక్ అభ్యర్థి కమలా హ్యారిస్‌కు ఓటెయ్యమని అడగాలి. మన పత్రికల భాషలో చెప్పాలంటే క్రాస్ ఓటింగ్.

ఫలితం ముందే చెప్పేస్తాను. మకోమ్‌లో ట్రంప్‌కు సుమారు 56 శాతం, హ్యారిస్‌కు 42 శాతం వచ్చాయి. 2020లో ఆ తేడా దాదాపు 8 పాయింట్లే. నాలుగేళ్లలో అది పెరిగి 14కు చేరింది. రాష్ట్రం మొత్తం మీద ట్రంప్ మెజారిటీ 80 వేల పైచిలుకు. అంటే మేం ఓడిపోయాం. ఓడిన అనుభవం ఎందుకు రాస్తున్నానంటే, ఈ పనిలో మాకు జరిగిన పొరపాట్లు మా ఒక్కరివే కావు. పార్టీ దాటే ఓటరు గురించి ఎన్నికల పనిలో ఉన్న చాలామంది మనసులో ఉన్న బొమ్మే తప్పు. నా బొమ్మ కూడా తప్పే. నా అసలు వృత్తి అభిప్రాయ సేకరణ, ఏళ్ల తరబడి జనాన్ని ప్రశ్నలడిగి బతికినదాన్ని. అయినా ఈ ఓటరు ఎవరో నాకు గడప దగ్గర నిలబడ్డాక గానీ అర్థం కాలేదు.

మకోమ్ అంటే

డెట్రాయిట్ నగరానికి ఉత్తర హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. ఆ రోడ్డు దాటి ఈశాన్యం వైపు వెళ్తే మకోమ్ మొదలవుతుంది. దక్షిణాన వారెన్, జనరల్ మోటార్స్ టెక్నికల్ సెంటర్ అక్కడే. ఇంకాస్త పైకి స్టెర్లింగ్ హైట్స్, అక్కడ స్టెలాంటిస్ అనే వాహనాల కంపెనీ వాళ్ల ట్రక్కుల కర్మాగారం. హాల్ రోడ్డు దాటి పైకి పోతే షెల్బీ టౌన్‌షిప్, పెద్ద పెద్ద పచ్చిక ముంగిళ్లు. కార్ల కర్మాగారాల్లో పనిచేసి ఇల్లు కట్టుకున్న కుటుంబాలు, వాళ్ల పిల్లలు, మనవలు ఉన్న ఊళ్లు ఇవి.

1960లో ఈ కౌంటీ జాన్ కెనెడీకి దాదాపు 63 శాతం ఓట్లు వేసింది. 1984లో ఇదే కౌంటీ రోనాల్డ్ రీగన్‌కు 66 శాతం వేసింది. రెండు పార్టీల మధ్య ఇంత దూరం ఒక్క తరంలో నడిచిన చోటు కాబట్టే, 1985లో స్టాన్లీ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఇక్కడికొచ్చి, డెమోక్రాట్లుగా ఉంటూ రీగన్‌కు ఓటేసిన వాళ్లను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. 'రీగన్ డెమోక్రాట్లు' అనే మాటకు మకోమ్ చిరునామా అయింది అందువల్లే. ఆయనకు ఎదురైనది చేదు నిజం. తమ బతుకులో ఏది చెడినా దానికి కారణం నల్లజాతి వాళ్లేనని, తమ పార్టీ తమను వదిలేసి వాళ్ల పక్షం చేరిందని ఆ గుంపుల్లో జనం బాహాటంగా అన్నారు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. డెట్రాయిట్ పిల్లల్నీ, చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్నీ బస్సుల్లో అటూ ఇటూ పంపి బడులు కలపాలని 1970ల మొదట్లో ఫెడరల్ న్యాయస్థానం ఆదేశిస్తే ఇక్కడ ఊళ్లు భగ్గుమన్నాయి. 1972 మేలో మిషిగన్ డెమోక్రటిక్ ప్రైమరీని, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందస్తు ఎన్నికను, జాతి విభజనను సమర్థించిన జార్జ్ వాలెస్ గెలిచాడు. 1974లో సుప్రీంకోర్టు ఆ బస్సుల పథకం చుట్టుపక్కల ఊళ్లకు వర్తించదని కొట్టేసింది. కోర్టు కొట్టేసినా కోపం మాత్రం పోలేదు.

అక్కడితో కథ అయిపోతే సులువుగా ఉండేది. 2008లోనూ 2012లోనూ మకోమ్ బరాక్ ఒబామాను గెలిపించింది. 2016లో మళ్లీ తిరిగి ట్రంప్‌కు 48 వేల మెజారిటీ ఇచ్చింది. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద ట్రంప్ నెగ్గింది కేవలం 10,704 ఓట్లతో! ఒబామాకు రెండుసార్లు వేసి ట్రంప్‌కు వేసిన 206 కౌంటీల్లో ఇదొకటి. 2018, 2022 గవర్నర్ ఎన్నికల్లో మళ్లీ డెమోక్రాట్ గ్రెచెన్ విట్మర్‌కే మెజారిటీ. ఈ కౌంటీలో పార్టీ గీత దాటడం వింతేమీ కాదు, ఇంటింటి అలవాటు. అందుకే ఇక్కడ ఈ పని చేయడానికి నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

ఎంతమంది దాటుతారు

పాత రోజుల్లో దాటేవాళ్లు వరదలా వచ్చేవాళ్లు. 1964లో తమ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌ను భరించలేక ఎందరో రిపబ్లికన్లు లిండన్ జాన్సన్‌కు వేశారు. 1972లో టెక్సస్ మాజీ గవర్నర్ జాన్ కానలీ 'డెమోక్రాట్స్ ఫర్ నిక్సన్' అంటూ ఒక సంఘమే నడిపాడు. ఆ ఏడాది డెమోక్రాట్లలో సుమారు మూడో వంతు తమ పార్టీ అభ్యర్థి మెక్‌గవర్న్‌ను వదిలేశారు, ఆయనకు దక్కింది ఒక్క మసాచుసెట్స్ రాష్ట్రమూ, రాజధాని వాషింగ్టనూ. 1980, 1984ల్లో డెమోక్రాట్లలో నాలుగో వంతు దాకా రీగన్ వైపు నడిచారు.

ఇప్పుడు అది సన్నటి ధార. 2016 ఎగ్జిట్ పోల్స్‌లో రెండు వైపులా 8 శాతం చొప్పున దాటారు. 2020లో రిపబ్లికన్లలో 6, డెమోక్రాట్లలో 5. 2024లో 5, 4. వంద మందిలో ఐదుగురి కోసం ఎనిమిది వారాలు తిరగడమెందుకని మా బృందంలోనే ఒకరు అడిగారు. రాష్ట్రం పదివేల ఓట్లతో తేలిపోయే చోట ఆ ఐదుగురే అధ్యక్షుణ్ణి నిర్ణయిస్తారు, అదే జవాబు.

కానీ ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. పోలింగ్ కేంద్రం బయట 'మీరు ఏ పార్టీ వారు?' అని అడిగితే, ఆ నిమిషానికి తనేమనుకుంటున్నాడో మనిషి అది చెబుతాడు. రెండు ఎన్నికలుగా అవతలి పార్టీకి వేస్తున్నవాడు ఏదో ఒక రోజు పాత పేరు వదిలేస్తాడు. కొత్త పేరు తగిలించుకోవడం ఇష్టం లేక 'ఇండిపెండెంట్' అంటాడు. ఆ రోజు నుంచి అతను దాటినవాళ్ల లెక్కలో ఉండడు. ఓటు ముందు మారుతుంది, పేరు చాలా ఏళ్లకు మారుతుంది. ఈ మధ్య కాలంలో ఉన్నవాళ్లే అసలు ఓటర్లు, వాళ్లే ఏ పట్టికలోనూ సరిగ్గా కనబడరు.

జాబితా దగ్గరే మొదటి దెబ్బ

మిషిగన్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ రాయించుకోరు. కాబట్టి ఎవరు రిపబ్లికనో చెప్పే అధికారిక పత్రమే లేదు. ఉన్న ఆధారం అధ్యక్ష ప్రైమరీ ఒక్కటే. ఆ రోజు ఓటరు ఏ పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకున్నాడో నమోదవుతుంది. ఆ బ్యాలెట్ మీద ఎవరికి వేశాడో మాత్రం అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

2024 ఫిబ్రవరి 27న జరిగిన మిషిగన్ రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్‌కు పోటీగా నిలిచిన నిక్కీ హేలీకి సుమారు 27 శాతం ఓట్లొచ్చాయి, దాదాపు మూడు లక్షలు. ఆమె తర్వాతి వారమే పోటీ నుంచి తప్పుకుంది, జులైలో మిల్వాకీ సభలో ట్రంప్‌కే మద్దతు పలికింది. ఆమెకు వేసిన జనం మాత్రం ఎక్కడికి పోతారో తేలలేదు. అందుకే మా చేతికొచ్చిన జాబితాను అందరూ 'హేలీ జాబితా' అనేవాళ్లు. నిజానికి అది హేలీ జాబితా కాదు. రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్న వాళ్లలో, హేలీకి ఎక్కువ ఓట్లు పడిన పోలింగ్ పరిధుల్లో ఉన్నవాళ్ల జాబితా. ఈ రెంటికీ చాలా తేడా ఉందని మొదటి శనివారమే తెలిసొచ్చింది.

తలుపు తీసినవాళ్లు తీసినట్టే ఆదరంగా మాట్లాడారు. 'హ్యారిస్‌కే వేస్తాను, ఇంకెవరికి వేస్తాను' అన్నారు. సాయంత్రానికి మా బృందంలోని పిల్లలు సంబరపడిపోయారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. మర్నాడు ఇంకో ప్రశ్న కలిపాం: 'ఫిబ్రవరిలో రిపబ్లికన్ బ్యాలెట్ ఎందుకు తీసుకున్నారు?' ఒక పెద్దాయన నవ్వాడు. 'మా వైపు బైడెన్‌కు గట్టి పోటీ లేదుగా. ట్రంప్‌ను ఆపుదామని అటెళ్లి హేలీకి వేసొచ్చాను. నేను పుట్టినప్పటి నుంచీ డెమోక్రాట్‌నే' అన్నాడు. మిషిగన్‌లో ఆ ప్రైమరీ ఎవరికైనా తెరిచే ఉంటుంది. వారం రోజులు మేం డెమోక్రాట్ల ఇళ్లకెళ్లి డెమోక్రాట్‌కు ఓటెయ్యమని అడిగి, మనసులు మార్చామనుకున్నాం.

జాబితాను ఇలా శుభ్రం చేశాం. 2020 మార్చి 10న రిపబ్లికన్ వైపు దాదాపు పోటీయే లేదు, ట్రంప్ గెలుపు ఖాయం. అదే రోజు డెమోక్రాట్ల వైపు బైడెన్, శాండర్స్ హోరాహోరీగా ఉన్నారు. అలాంటి రోజున కూడా వెళ్లి రిపబ్లికన్ బ్యాలెట్టే అడిగినవాడు పక్కా రిపబ్లికన్. మా దగ్గరున్న పాత జాబితాతో సరిచూసి, 2020లోనూ 2024లోనూ అదే బ్యాలెట్ తీసుకున్న ఇళ్లనే ఉంచాం. జాబితా సగానికి పైగా చిక్కిపోయింది. మా మీద ఉన్నవాళ్లకు అది నచ్చలేదు, ఎందుకంటే 'తట్టిన తలుపుల' లెక్క తగ్గింది. ఈ పనిలో దిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: జాబితా చిక్కినందుకు బాధపడొద్దు.

మొహమాటం వేసే మార్కులు

గడప దగ్గర మాట్లాడాక ఒక్కో ఓటరుకూ ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయాలి. ఒకటంటే గట్టిగా మన వైపు, ఐదంటే గట్టిగా అవతల. మా బృందంలో ట్రాయ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ఒకతి ఉండేది, కాలేజీ మొదటి ఏడు. ఒకాయన దగ్గర్నుంచి వస్తూ 'ఆంటీ, ఈయనకి రెండు ఇచ్చేయనా?' అంది. ఏమన్నాడని అడిగితే, 'మీరు చెప్పింది ఆలోచిస్తాను, ఎండలో తిరుగుతున్నారు, నీళ్లు తాగి వెళ్లండి అన్నారు' అంది. నేను నాలుగు వేయమన్నాను. పాపం ముఖం చిన్నబుచ్చుకుంది.

నీళ్లివ్వడం మర్యాద, ఓటు కాదు. మిడ్‌వెస్ట్ జనానికి ముఖం మీద కాదనే అలవాటు లేదు. మన మొహమాటానికి వాళ్ల మొహమాటం ఏమీ తీసిపోదు. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. ఓటరు తన నోటితో 'హ్యారిస్‌కు వేస్తాను' అనాలి, ఎప్పుడు ఎలా వేస్తాడో కూడా చెప్పాలి. తపాలాలో పంపుతాడా, అక్టోబరు 26 నుంచి నవంబరు 3 దాకా తెరిచి ఉండే ముందస్తు ఓటింగ్ కేంద్రానికి వెళ్తాడా, పోలింగ్ రోజునా? ఇవి చెప్పకపోతే రెండు వేయకూడదు. ఆ నియమం పెట్టాక మా రెండులు చాలావరకు మాయమయ్యాయి.

షెల్బీలో తలుపు మూసి మాట్లాడిన ఆమె

సెప్టెంబరు చివరి ఆదివారం. షెల్బీ టౌన్‌షిప్‌లో ఒక ఇల్లు. ముంగిట్లో స్థానిక న్యాయమూర్తి ఎన్నికకు సంబంధించిన బోర్డు ఒకటి పాతి ఉంది, అధ్యక్ష అభ్యర్థి బోర్డు లేదు. చుట్టూ నాలుగిళ్లలో ట్రంప్ బోర్డులున్నాయి. అందరి ముంగిట్లో ఉన్న బోర్డు ఒక రిపబ్లికన్ ఇంటి ముందు లేదంటే, అక్కడ ఎవరి మనసో ఎక్కడో అడ్డం తిరిగిందన్నమాట. అప్పటికి అంతవరకు నేర్చుకున్నాం.

అరవై ఏళ్లు దాటినావిడ తలుపు తీసింది. మేమెందుకొచ్చామో చెప్పగానే బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు వెనక్కి లాగి మూసింది. గడియ పడకుండా పిడి తిప్పి పట్టుకుని, మెల్లగా వదిలింది. లోపల గరాజ్ వైపు ఎవరో సుత్తితో ఏదో కొడుతున్నారు. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది. 2021 జనవరి 6న క్యాపిటల్, అంటే అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి టీవీలో చూసినప్పటి నుంచీ తనకు నిద్ర సరిగ్గా పట్టలేదంది. హేలీకి వేశానంది. మా బృందంలోని అమ్మాయి వెంటనే కరపత్రం తీసి ఇళ్ల కొనుగోలుకు హ్యారిస్ ఇస్తానన్న సాయం గురించీ, పిల్లల పన్ను రాయితీ గురించీ చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ చూపు కరపత్రం మీద లేదు. పక్కింటి కిటికీ వైపు పోతోంది. ఒక నిమిషం విని 'థాంక్యూ' అని లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి ఆ గడప దగ్గరి సంభాషణ నేను చాలాసార్లు మననం చేసుకున్నాను. ఆవిడ దగ్గర కారణాలకు కొదవ లేదు. కారణాలు మాకంటే ఆవిడ దగ్గరే ఎక్కువున్నాయి. ఆవిడకున్నది భయం. భర్త ఏమంటాడో, ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు ఏమనుకుంటారో, అసలు ఈ ఓటేస్తే నేనింక ఎవర్ని అనే భయం. మేమేమో డెమోక్రాట్‌గా మారడానికి ఆవిడకు కారణాలు అందిస్తున్నాం. డెమోక్రాట్ కావాలని ఆవిడ అనుకోలేదు. రిపబ్లికన్‌గానే ఉంటూ ఈ ఒక్కసారికి అటు వేయొచ్చా అన్నదే ఆవిడ ప్రశ్న. పుట్టింటి మీద అలిగిన ఆడపిల్ల దగ్గరికెళ్లి ఆ పుట్టింటిని తిడితే ఆమె మన పక్షానికి రాదు, పుట్టింటి పక్షానికే తిరిగిపోతుంది.

మర్నాడే మాటలు మార్చాం. కరపత్రాలు కారులోనే వదిలేయమన్నాను. రిపబ్లికన్ పార్టీని గానీ, ట్రంప్‌కు వేసే బంధువుల్ని గానీ ఒక్క మాట అనకూడదు. మొదటి ప్రశ్న ఇది: 'ఇదివరకు ఎప్పుడైనా పార్టీని పక్కనపెట్టి మనిషిని చూసి ఓటేశారా?' మకోమ్‌లో ఈ ప్రశ్న బ్రహ్మాండంగా పనిచేసింది. రెండేళ్ల కిందటే విట్మర్‌కు మెజారిటీ ఇచ్చిన చోటు కదా. 'అవును, గవర్నర్‌కు వేశాను' అని వాళ్లే గుర్తుచేసుకునేవాళ్లు. తర్వాత మేం తొందరపడకుండా ఊరుకోవాలి. 'అప్పుడు మీకేమనిపించింది? ఇంట్లో తెలుసా?' దాటడం తనకు కొత్త కాదనీ, దాటినా తను తనలాగే ఉందనీ ఆ మనిషే తన నోటితో చెప్పుకోవాలి. ఓటు రహస్యమన్న సంగతి చివర్లో ఒక్కసారే, చాలా మామూలుగా చెప్పాలి. ఒత్తి చెబితే దొంగపని చేయిస్తున్నట్టుంటుంది.

అక్టోబరు మధ్యలో నేను ఒక్కదాన్నే షెల్బీ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈసారి ఆవిడ పావుగంట మాట్లాడింది. 'ఇంకా తేల్చుకోలేదు' అంది. మూడు వేశాను.

చెనీ వచ్చిన రోజులు

అక్టోబరు 3న విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్‌లో, 1854లో రిపబ్లికన్ పార్టీకి పురుడు పోసిన ఊళ్లో, ట్రంప్‌ను ఎదిరించిన రిపబ్లికన్ మాజీ ఎంపీ లిజ్ చెనీ హ్యారిస్ పక్కన నిలబడి మాట్లాడింది. అక్టోబరు 21న ఇద్దరూ మా పక్క కౌంటీ ఓక్లండ్‌లోని రాయల్ ఓక్‌కు వచ్చారు. పైనుంచి మాకు సూచన వచ్చింది, గడప దగ్గర చెనీ పేరు చెప్పండని.

నాలుగు రోజులు చెప్పి నేను మాన్పించేశాను. అప్పటికే మనసు మారినవాళ్లు ఆ పేరు విని పొంగిపోయారు, కానీ వాళ్లు ఎలాగూ వేసేవాళ్లే. తేల్చుకోనివాళ్లకు అది పెద్ద పేరు మాత్రమే. వాషింగ్టన్‌లో ఒకరితో ఒకరికి ఉండే తగాదాగా చూశారు. ఇక మూడో రకం, పాత డెమోక్రాట్లు, ఇరాక్ యుద్ధానికి పిల్లల్ని పంపినవాళ్లు. చెనీ అనే ఇంటిపేరు వినగానే వాళ్ల ముఖం మారిపోయేది, తలుపు ఆమె తండ్రి, ఆ యుద్ధం నాటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ పేరు మీద మూసుకునేది. ధైర్యం చేసి సొంత పార్టీని ఎదిరించిన లిజ్ చెనీ మీద నాకు గౌరవమే. కానీ గడప దగ్గర ఆమె కంటే అదే వీధిలో ఉండే రిపబ్లికన్ ఒకరు 'నేనూ ఈసారి అటే వేస్తున్నా' అంటే వెయ్యి రెట్లు బలం. అలాంటివాళ్లు మాకు దొరికింది ఇద్దరే, అదీ చివరి పది రోజుల్లో. ముందే దొరకాల్సింది, మేం ముందే వెతకలేదు.

వారెన్‌లో తప్పు తలుపు

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైన సంభాషణ పొరపాటున జరిగింది. వారెన్‌లో ఇంటి నంబరు తప్పు చూసి పక్కింటి గంట కొట్టాం. కర్మాగారాలకు అచ్చులు, పనిముట్లు చేసే టూల్ అండ్ డై పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన పెద్దాయన. మెట్ల మీదే కూర్చున్నాడు, మమ్మల్నీ కూర్చోమన్నాడు. కుడిచేతి చూపుడు వేలు చివరి కణుపు లేదు. ఆ వేలితోనే ఒక్కో ఎన్నికా లెక్కపెట్టాడు.

వాళ్ల నాన్న వంటింట్లో కెనెడీ ఫొటో ఉండేది. తను 1984లో రీగన్‌కు వేశాడు, ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. 1992లో క్లింటన్‌కు వేసి, మెక్సికో, కెనడాలతో వాణిజ్యానికి సంబంధించిన నాఫ్టా ఒప్పందం మీద ఆయన సంతకం చూసి తిట్టుకున్నాడు. 2008లో కార్ల కంపెనీలు కుప్పకూలుతుంటే ఒబామాకు వేశాడు, 2012లోనూ. 2016 నుంచి ట్రంప్. 'కార్ల కార్మికుల యూనియన్ హ్యారిస్‌కు మద్దతు చెప్పింది కదా' అన్నాను. 'చెప్పింది. విన్నాను' అన్నాడు, అంతే. 'మీరు ఏ పార్టీ?' అంటే 'ఏ పార్టీ కాదు, ఇండిపెండెంట్' అన్నాడు. 'నేనెక్కడికీ పోలేదు, వాళ్లే నన్నొదిలి పోయారు' అన్నాడు. డెమోక్రాట్‌గా మొదలై 1962లో పార్టీ మారిన రీగన్ తన గురించి చెప్పుకున్న మాట కూడా ఇదే. నలభై ఏళ్ల నాటి ఆ మాట వారెన్‌లో ఇంకా బతికే ఉంది.

బస్సుల గొడవ జరిగినప్పుడు హైస్కూల్లో ఉన్నాడట. దాని గురించి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. 'అప్పుడు మా ఊళ్లో జనం అన్న మాటలు ఇప్పుడు తల్చుకుంటే బాగోదు' అన్నాడు. ఆ తర్వాత ఆయనే, 'ఒబామాకు వేసినప్పుడు ఆ మాటలు గుర్తొచ్చాయి' అన్నాడు. గ్రీన్‌బర్గ్ పరిశోధన చదివి మకోమ్ మనుషుల్ని ఒకే గాటన కట్టేసేవాళ్లు ఈ మెట్ల మీద ఒక్క గంట కూర్చుంటే బాగుండుననిపించింది.

లేచి వస్తుంటే ఆయన అన్నమాట: '2012 తర్వాత మీ వైపు నుంచి నా తలుపు ఎవరూ తట్టలేదు. మీరూ పక్కింటికే వచ్చారు.'

ఆ రాత్రే మాకు పని అప్పగించిన వాళ్లకు రాశాను. ముందు తలుపు నుంచి కొత్తవాళ్లను పిలుస్తూ వెనక తలుపు నుంచి పోతున్న మనవాళ్లను చూడటం లేదు, బృందంలో సగాన్ని షెల్బీ నుంచి తీసి వారెన్‌కు పంపనివ్వండి అని. ఒప్పుకోలేదు. ఆ ఓటర్లు 'మన లక్ష్యం కాదు' అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. నేను ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సింది.

ఓట్లు లెక్కపెట్టాక

మా పని వల్ల ఎన్ని ఓట్లు మారాయి? నిజాయతీగా చెప్పే అంకె ఏదీ నా దగ్గర లేదు, ఇంత చిన్న పనిలో ఉండే వీలూ లేదు. ఒక్క శాతం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే, సాధారణ లెక్క ప్రకారం, తలుపు తట్టిన వాళ్లూ తట్టని వాళ్లూ కలిపి సుమారు 78 వేల మందిని తర్వాత సర్వే చేయాలి. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసి, అమెరికా సాధారణ ఎన్నికల్లో ప్రచార సంప్రదింపుల వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నా అని తేల్చారు. మినహాయింపులు ఉన్నాయి, ఎవరి మనసు కదులుతుందో ముందుగా పరీక్షించి వెతకడానికి చాలా ఖర్చుపెట్టిన చోట కొంత ఫలితం కనిపించింది. మా రెండుల పట్టిక చూసి మురిసిపోయిన ప్రతిసారీ నేను ఆ సున్నాను గుర్తుచేసుకున్నాను.

రాష్ట్ర ఫలితాల్లో ఒక సంగతి మీద చాలా చర్చ జరిగింది. మిషిగన్‌లో ట్రంప్ గెలిచాడు, సెనేట్‌కు మాత్రం డెమోక్రాట్ ఎలిస్సా స్లాట్‌కిన్ సుమారు 19 వేల మెజారిటీతో గెలిచింది. దాంతో 'ట్రంప్‌కూ స్లాట్‌కిన్‌కూ కలిపి వేసిన వాళ్లు' అంటూ విశ్లేషణలు వెల్లువెత్తాయి. అలాంటివాళ్లు ఉన్నారు, నేను కలిశాను కూడా. కానీ మొత్తం ఓట్లు పక్కపక్కన పెట్టి చూడండి. స్లాట్‌కిన్‌కు హ్యారిస్ కంటే తక్కువే వచ్చాయి. ఆమె ప్రత్యర్థి మైక్ రోజర్స్‌కు ట్రంప్ కంటే లక్షకు పైగా తక్కువ వచ్చాయి. గీత దాటి అవతల వేసినవాళ్ల కంటే, ట్రంప్‌కు వేసి సెనేట్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లూ, చిన్న పార్టీలకు వేసినవాళ్లే ఆ తేడాకు ఎక్కువ కారణమని నా అంచనా. డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో గాజా యుద్ధం మీద కోపంతో అరబ్ అమెరికన్లు డెమోక్రాట్లను వదిలేసినప్పుడూ అంతే. అందరూ ట్రంప్ దగ్గరికి పోలేదు, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు ఆ ఊళ్లో పెద్ద వాటా దక్కింది.

దాటడానికీ ఉండిపోవడానికీ మధ్య ఇంత చోటుందని నాకు తెలిసి కూడా, మా అంకెల కాగితంలో దానికి గడి లేదు.

డిసెంబరులో, మాట్లాడటానికి ఒప్పుకున్న కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లాను. ఓటు గురించి అడగకూడదని ముందే అనుకున్నాను, పని ఎలా చేశామో చెప్పమనే అడిగాను. షెల్బీ ఆవిడ ఈసారి లోపలికి రమ్మంది. భర్త ఇంట్లో లేడు. కాఫీ పోసి, నేనడక్కుండానే చెప్పింది. తపాలా బ్యాలెట్ పది రోజులు వంటింటి సొరుగులో పెట్టుకుందట. రాత్రి తీసి చూడటం, మళ్లీ లోపల పెట్టడం. ఆఖరికి రాబర్ట్ కెనెడీ జూనియర్ పేరు పక్కనున్న గుండ్రాన్ని నింపింది. ఆయన ఆగస్టులోనే పోటీ మానేసి ట్రంప్‌కు మద్దతు ప్రకటించాడు, కోర్టు తీర్పుతో పేరు మాత్రం మిషిగన్ బ్యాలెట్ మీద ఉండిపోయింది. అలా ఆయనకు రాష్ట్రంలో సుమారు 27 వేల ఓట్లు పడ్డాయి.

'పోటీలో లేడని తెలుసు కదా?' అన్నాను.

'తెలుసు. అందుకే వేశాను' అంది. 'ఎవరడిగినా ట్రంప్‌కు వేయలేదని నాకు నేను చెప్పుకోవచ్చు, డెమోక్రాట్‌కు వేయలేదని మా ఆయనకు చెప్పొచ్చు.'

మేం ముందే వచ్చి ఉంటే ఏమైనా మారేదా అని అడగబోయి మానేశాను. ఆవిడే అంది: 'మా చర్చిలో ఇంకొక్కరు నాలాగే ఉన్నారని తెలిసినా వేసేదాన్నేమో.' ఉన్నారు. రెండు వీధుల అవతల, మా జాబితాలోనే, మూడు వేసిన ఇంకొకావిడ ఉంది. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆ సంగతి మాకు తెలుసు, ఇద్దర్నీ కలపాలన్న ఆలోచన మాకెవ్వరికీ రాలేదు.

ఇప్పుడు నేను శిక్షణకు వాడే కాగితంలో రెండు గడులు కొత్తగా చేరాయి. ఒకటి, 'ఖాళీ వదిలేస్తారు, లేదా ఇంకెవరికో వేస్తారు'. రెండోది, 'వీళ్లలాగే ఆలోచించే మనిషి దగ్గర్లో ఎవరున్నారు?' రెండో గడి నింపకుండా ఎవరైనా కాగితం తెచ్చిస్తే తీసుకోవడం మానేశాను.